ముట్టని కాఫీ, పీకిన మేకులు

1991 చలికాలం. ఒమన్‌లోని నిజ్వా దగ్గర రోడ్డు పనిలో నేను సర్వేయర్‌ని. జగిత్యాల నుంచి వెళ్ళినవాణ్ణి. థియోడలైట్, అంటే కోణాలు కొలిచే యంత్రం, నా భుజం దిగేది కాదు. నేను పాతిన మేకుకు తిరుగులేదన్న పొగరు కూడా ఉండేది.

ఆ మేకులనే సాలిం అనే ముసలాయన మూడుసార్లు పీకేశాడు. ప్రభుత్వం ఇచ్చే స్థలపటాన్ని అక్కడ క్రూకీ అంటారు. దాని ప్రకారం ఆయన హద్దు ఖర్జూరపు తోట గోడతో సరి. మేకులున్నది సర్కారు భూమి. మూడోసారికి మా ఇంజినీరు, గుంటూరాయన, పోలీసు ఫిర్యాదు టైపు చేయించి నా చేతిలో పెట్టాడు.

“సంతకం పెట్టవయ్యా. నాలుగు రోజులు లోపలుంటే తిక్క కుదురుద్ది.”

ఈలోగా ఊరి షేక్ సాలింనూ నన్నూ తన మజ్లిస్‌కు, అంటే ఊరి తగవులు తీర్చే గదికి, పిలిపించాడు. ఫిర్యాదు జేబులో పెట్టుకునే వెళ్ళాను. కాఫీ ఇచ్చారు. తాగకపోతే మర్యాద కాదని గుటుక్కున తాగేశాను. సాలిం మాత్రం కప్పు నేలమీద పెట్టి కదలకుండా కూర్చున్నాడు. ఎంత పెడసరం అనుకున్నాను.

షేక్ నావైపు తిరిగి ఉర్దూలో, “అయితే నువ్వు అడిగేదేమీ లేదన్నమాట. సంతోషం” అన్నాడు. ఏదైనా అడగడానికి వచ్చినవాడు అది తీరేదాకా కాఫీ ముట్టడట! నా ఫిర్యాదు జేబులోనే ఉండిపోయింది.

సాలిం చెప్పాడు. “ఆ మేకుల కింద మా ఫలజ్ ఉంది. తాతల నాటి నీటి సొరంగం. దాని పక్కన తవ్వకూడదు, బరువు మోపకూడదు. అది మా కట్టుబాటు. మీ రోలర్ ఎక్కితే కూలుతుంది. దిగువన పదకొండు తోటలు ఎండిపోతాయి.”

“క్రూకీలో లేదు కదా?”

“నేలమీద ఉన్నదే రాశారు, సదీక్. ఎవరైనా దిగి చూశారా?” సదీక్ అంటే నేస్తమా అని.

మర్నాడు సాలిం ఒక బండ పక్కకు జరిపి, లోపలికి తాడు వేశాడు. దిగాను. మోకాళ్ళ దాకా నీళ్ళు. సొరంగం సరిగ్గా నా మేకుల కిందుగా పోతోంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఇంజినీరు వినలేదు. “పటంలో లేనిదానికి రోడ్డు జరుపుతామా? సంతకం పెట్టకపోతే ఊరికి టికెట్టే.”

“ఇయ్యుండ్రి సార్. సంతకం మాత్రం పెట్ట.”

మూడు రోజులు సొరంగం వెంట కొలిచి పటం గీశాను. షేక్ ఉత్తరం జతచేసి నేనే నిజ్వాలోని సర్కారు ఆఫీసుకు తీసుకెళ్ళాను. ఫలజ్‌కు దూరం వదలాలని అక్కడి అధికారికీ తెలుసు. అది పటంలో లేకపోవడమే చిక్కు. రోడ్డు జరపమని రాసిచ్చాడు. ఆ తర్వాత ఇంజినీరు టికెట్టు మాట ఎత్తలేదు.

మళ్ళీ మజ్లిస్. ఈసారి సాలిం తన కాఫీ తాగాడు. నేను నా కప్పు నేలమీద పెట్టాను. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఫిర్యాదు కాగితం తీసి ఆయన ముందుంచాను.

“సంతకం చెయ్యలేదు. కానీ ఆ రోజు చెయ్యాలనే వచ్చిన. మాఫ్ చెయ్యి, చాచా.”

సాలిం ఆ కాగితం మడతైనా విప్పలేదు. కప్పు తీసి నా చేతికిచ్చి, “తాగు, చల్లారిపోతోంది” అన్నాడు.

కొత్త మేకులు ఆయనే సుత్తి పట్టి దిగ్గొట్టాడు. ఆ తర్వాత ఏ ఊళ్ళో పని పడినా, యంత్రం బిగించే ముందు ఒక పెద్దమనిషిని వెతికి, ఇక్కడ నీళ్ళు ఎటు పోతాయని అడిగాకే మేకు పాతాను.