చూడకుండా కొట్టిన పేజీ

నిన్న సాయంత్రం రైలు టిక్కెట్లు తీసుకుందామని మా మనవరాలి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ప్రయాణం చేసేవాళ్ళ పేర్లూ వయసులూ ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకుని, కళ్ళు చీటీ మీద నిలిపి, వేళ్ళని వాటి మానాన వదిలేసి గబగబా కొట్టేశాను. తీరా తలెత్తి చూద్దును కదా, పేజీ ఎప్పుడో కిందికి జారిపోయి ఏదో హోటలు ప్రకటన కనబడుతోంది, నేను కొట్టినవాటిలో ఒక్క అక్షరమైనా లేదు. “అమ్మమ్మా, ముందు గడిలో నొక్కాలి కదా! నొక్కకుండా నువ్వెంత కొట్టినా దానికి పట్టదు” అని మనవరాలు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. దాని తరం వాళ్ళు ఈ పొరపాటు చెయ్యమన్నా చెయ్యలేరు, ఎందుకంటే వాళ్ళ కళ్ళు ఎప్పుడూ తెర మీదే ఉంటాయి. టైపు ఇనిస్టిట్యూట్లో నేర్చుకున్న మనలాంటి వాళ్ళకి మాత్రం కళ్ళు ఎత్తకూడదనే మొదట నేర్పారు. నాకు నేర్పింది మా నాన్నే.

నాన్నగారి ఇనిస్టిట్యూట్ గుడివాడలో ఒక బట్టల కొట్టు మీద మేడగదిలో ఉండేది. పొద్దున్నే బందరు నుంచి వచ్చే పాసింజరు బండిలో పెడన పిల్లలు కూడా దిగేవాళ్ళు. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగారేమో, మిషన్ల చప్పుడుకి వాళ్ళు బెదిరేవాళ్ళు కాదు. అన్ని మిషన్లూ ఒక్కసారి అందుకున్నాయంటే కింద కొట్టాయన చీర ధర చెప్పడానికి అరవాల్సి వచ్చేదట. అయినా పాపం ఏనాడూ గది ఖాళీ చెయ్యమని అనలేదు, వాళ్ళమ్మాయి కూడా మా దగ్గరే నేర్చుకునేది మరి. కాగితం ఎక్కించనిదే మీట మీద వేలు పెట్టకూడదన్నది నాన్నగారి మొదటి నిబంధన, కాగితం లేకుండా కొడితే అచ్చులు రోలరు మీద పడి అది పాడైపోతుంది. కళ్ళు పాఠం మీంచి కదలకూడదన్నది రెండోది. ఎవరైనా కొట్టినది చూసుకోవడానికి తల తిప్పితే, “ఏవమ్మా, అక్షరాలు పారిపోతాయనా?” అనేవారు. ఒక్క తప్పు దొర్లినా దిద్దుకోవడం ఉండదు, పేజీ మొత్తం మళ్ళీ కొట్టాల్సిందే. కూతుర్నని నాకేమీ మినహాయింపు లేదు, పైగా నాకే రెండు పేజీలు ఎక్కువ పడేవి.

నాకు పెళ్ళయి, బందరులో టైపిస్టు ఉద్యోగం వచ్చి స్థిరపడ్డాక, కంప్యూటర్లు వచ్చిపడ్డాయి. ఇనిస్టిట్యూట్లో పిల్లలు పలచబడ్డారు. నేను వెళ్ళినప్పుడల్లా నాన్నగారు మిషన్లకి గుడ్డలు కప్పి, దుమ్ము పడిందని మళ్ళీ తీసి తుడిచి, మళ్ళీ కప్పుతూ కనబడేవారు. తిండికి లోటు లేదు. కానీ ఆయనకి నేర్పడం తప్ప ఇంకో వ్యాపకం లేదు. పిల్లలు లేకపోతే ఈయన మనిషి మనిషిగా ఉండరే అని అమ్మ వంటింట్లో నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ అదే దిగులు.

ఆ రోజుల్లో నాన్నగారి పాత శిష్యుడొకాయన బస్టాండు దగ్గర కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. మా వీధివాడే, చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచేవాళ్ళం. ఇప్పటి పిల్లలు రెండు వేళ్ళతో పొడుస్తున్నారు, మీరొచ్చి పద్ధతిగా నేర్పండి మాస్టారూ అని బావ ఎన్నోసార్లు ఇంటికొచ్చి అడిగాడు. నాన్నగారు దాటవేస్తూనే వచ్చారు. చివరికి అమ్మ పోరు పడలేక, ఒక ఆదివారం నన్ను తోడు తీసుకుని బయలుదేరారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పై జేబులో కలం పెట్టుకుని, కొత్త పెళ్ళికొడుకులా తయారయ్యారు.

పిల్లలంతా చుట్టూ మూగారు. బావ కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. నాన్నగారు పాఠం కాగితాన్ని ఎడం పక్కన నిలబెట్టి, నడుము నిటారుగా పెట్టి మొదలుపెట్టారు. ఆ వేగం చూసి పిల్లలు నోళ్ళు తెరిచారు. నేను మాత్రం తెర చూసి బిగుసుకుపోయాను. తెల్లటి పేజీ తెల్లగానే ఉంది. బావ కంగారులో మౌసుతో చివరి నొక్కు పేజీ మీద కాకుండా పక్కనున్న బొమ్మల వరస మీద నొక్కాడు కాబోలు, నాన్నగారు కొట్టిన ప్రతి అక్షరానికీ నీలం మచ్చ ఒక బొమ్మ మీంచి ఇంకో బొమ్మ మీదికి గెంతుతోంది. అలవాటు కొద్దీ ఆయన ప్రతి వరస చివరా ఎడమ చెయ్యి ఎత్తి, టైపు మిషనుకి వరస మార్చే పిడి ఇక్కడా ఉన్నట్టు తోస్తున్నారు. కొత్త వరసకి నొక్కాల్సిన మీట నొక్కలేదు గనక సరిపోయింది, లేకపోతే ఆ బొమ్మల్లో ఏవేవి తెరుచుకునేవో! బావ ఆపబోయి ఆగిపోయాడు. టైపు కొడుతున్న మనిషి భుజం మీద చెయ్యి వెయ్యకూడదని అతనికి నేర్పింది కూడా ఆయనే. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు.

పేజీ పూర్తిచేసి నాన్నగారు తలెత్తారు. తెర పైనుంచి కిందిదాకా వెతికారు.

“ఇందాకట్నుంచీ కొట్టిందంతా ఎక్కడికి పోయిందోయ్?” అన్నారు.

“ఎక్కడికీ పోలేదండీ మాస్టారూ, అసలు పడలేదండీ. తప్పు నాదేనండీ” అన్నాడు బావ, మొహం జేవురించి.

నాన్నగారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచారు. ఇంటికొచ్చి అన్నం వద్దన్నారు. ఇక ఆ గడప తొక్కనన్నారు. తన పని ఆఖరికి ఇలా ఎక్కడా పడకుండా పోతుందనుకోలేదన్నారు. అమ్మ మాత్రం కంచం ఆయన ముందు పెట్టి, మజ్జిగ కలుపుతూ, “పడకపోతే మళ్ళీ కొట్టండి. ఊళ్ళో పిల్లలందరి చేతా కొట్టించలేదూ? మీరేమన్నా పైనుంచి దిగొచ్చారా?” అంది. నాన్నగారు అమ్మని ఎగాదిగా చూశారు. తరవాత పీట లాక్కున్నారు.

మర్నాడు నేను ఆఫీసుకి సెలవు పెట్టి మరీ ఆయన వెంట వెళ్ళాను. నాన్నగారు బావని పక్కన కూర్చోబెట్టుకుని మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్చుకున్నారు. తెల్ల పేజీ మీద నొక్కితే సన్నగీత ఒకటి మిణుకుమిణుకుమంటుందని బావ చూపిస్తే, “అయితే కాగితం ఎక్కించడమన్నమాట. నిన్న నేనే ఎక్కించలేదు” అన్నారు. నిన్నటి పిల్లల్నే నిన్నటిలాగే నిలబడమని, అదే పాఠం మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి అక్షరాలు జలజలా రాలుతున్నాయి. మేమంతా ఊపిరి బిగబట్టి తెర చూస్తున్నాం, ఆయన మాత్రం చూడలేదు. చివరి చుక్క పెట్టాక కూడా కళ్ళు పాఠం మీంచి తియ్యకుండా, చిన్న గొంతుతో, “పడ్డాయా?” అని అడిగారు.

“పడ్డాయండీ మాస్టారూ!” అని పిల్లలు ఒక్కసారిగా అరిచారు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తొంగి చూశారు. నాన్నగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన నవ్వుతూ జేబురుమాలు తీసి కళ్ళజోడు తుడుచుకోవడం, చాలాసేపు తుడుచుకుంటూనే ఉండడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది.

చూపు సహకరించినన్నాళ్ళూ ఆయన అక్కడే నేర్పారు. పేజీ అయ్యాక పక్కనెవరుంటే వాళ్ళని పడ్డాయా అని అడగడం ఆయనకి అలవాటైపోయింది. తల ఎత్తితే కనబడేదానికి ఇంకొకళ్ళని అడగడమెందుకని అమ్మ విసుక్కుంటే, “వాళ్ళు చెబితే బాగుంటుందే” అనేవారు.

ఇప్పుడు తప్పు పడితే తెరే ఎర్రగీత గీసి చూపిస్తుంది, సగం మాట కొడితే మిగతా సగం అదే అందిస్తుంది. నేనూ వాడుకుంటున్నాను, వంక పెట్టను. కాకపోతే ఎవరి గది వాళ్ళది, ఎవరి తెర వాళ్ళది. పక్కవాళ్ళు ఏం కొడుతున్నారో, అది ఎక్కడైనా పడిందో లేదో తెలిసే వీలే లేదు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ఏదైనా పేజీ కొట్టడం పూర్తయ్యాక తల ఎత్తబోయి ఒక్క క్షణం ఆగుతాను. పక్క కుర్చీలో ఎవరూ ఉండరని తెలుసు. అయినా ఎవరైనా చెబుతారేమోనని ఆగి, తరవాత నేనే చూసుకుంటాను.