ఖాళీ గడికి ఎర్రరంగు

బడిసంచులు కుట్టే షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చునే ఆమెకు అందరూ పెట్టిన పేరు రంగులమ్మ. ఎవరు రోజుకు ఎన్ని సంచులు కుట్టారో షీటులో ఎక్కించడం ఆమె పని. నలభైకి తగ్గితే గడి ఎర్రబడాలి, లేకపోతే పచ్చబడాలి అని ఒక్కసారి చెప్పిపెడితే చాలు, రంగులు కంప్యూటరే వేసుకుంటుంది. వారానికోసారి ఆ కాగితం గోడకెక్కేది. "అక్షరం ముక్క రానివాళ్ళకి కూడా అర్థమవుతుందమ్మా!" అని యజమాని మెచ్చుకుంటే రంగులమ్మ కాళ్ళు నేలమీద నిలిచేవి కావు.

ఆ పని ఇప్పించింది భర్త అక్కగారు. ఇరవై ఏళ్ళుగా కిటికీ పక్క మిషను ఆవిడదే. మొన్న రంగులమ్మ కూతురికి జ్వరమొస్తే, "కొత్త పని, నువ్వు మానకు. పిల్లని నేను చూసుకుంటా" అని మూడు రోజులు సెలవు పెట్టింది కూడా ఆవిడే.

సోమవారం గోడమీది కాగితంలో ఆ వదిన వరుసలో మూడు ఎర్ర గళ్ళు!

"వయసు మీద పడింది కదమ్మా, దారాలు కత్తిరించే బల్ల దగ్గరికి పోండి" అన్నాడు సూపర్‌వైజరు.

"సెలవులో ఉన్నానయ్యా!"

"సెలవైతే కంప్యూటరుకి తెలీదా?"

వదిన మిషను వదిలి కత్తెర పుచ్చుకుంది. ఆవిడ మిషను మీదికి ఎవరో కొత్తమ్మాయి వచ్చింది.

మంగళవారం షీటు తెరిచిన రంగులమ్మకు తప్పెక్కడుందో కనబడింది. సెలవు రోజుల గళ్ళు తానే ఖాళీగా వదిలేసింది. ఖాళీ అంటే కంప్యూటరు లెక్కలో సున్నా. సున్నా నలభై కన్నా తక్కువే కదా! ఖాళీ గళ్ళ జోలికి పోవద్దని ఇంకో మాట చెప్పి ఉండాల్సింది. గబగబా ఆ మాట చేర్చింది. ఎరుపు పోయింది. చడీచప్పుడు లేకుండా గోడమీది కాగితం తీసి కొత్తది అంటించింది.

రంగు మారింది గాని వదిన చోటు మారలేదు. ఒకసారి చూసేసిన కాగితాన్ని మళ్ళీ చూసేదెవరు?

ఇక తేలు కుట్టిన దొంగ బతుకైంది ఆమెది. నిజం చెబితే ఉన్న మెప్పు పోతుంది; చెప్పకపోతే అన్నం సహించడం లేదు. మధ్యాహ్నం వదిన తన డబ్బాలోంచి కూర వడ్డిస్తే వేళ్ళతో కెలుకుతూ కూర్చుంది.

"ఏమే మరదలా, నా వంట అంత చేదెక్కిందా?"

"లేదొదినా, ఆకలి లేదు."

"రంగులు చూసి కడుపు నిండిపోతోందేమో!"

బల్ల చుట్టూ అందరూ ఘొల్లుమన్నారు. రంగులమ్మకు అది చెంపదెబ్బలా తగిలింది.

శుక్రవారం యజమాని గదిలోకి వెళ్ళి, సూపర్‌వైజరు ఎదుటే చెప్పేసింది. "తప్పు వదినది కాదు సార్, నాది."

యజమాని కాగితం తిప్పి తిప్పి చూశాడు. "మరి మిగతావాళ్ళ ఎరుపులో నిజమెంత?"

"పాతవన్నీ మళ్ళీ చూస్తాను సార్."

"చూసేదాకా గోడకి ఏదీ అంటించకు. ఆవిణ్ణి మిషను మీద కూర్చోబెట్టండయ్యా."

ఆ కబురు రంగులమ్మే మోసుకెళ్ళింది, జరిగిందంతా చెప్పింది. వదిన ముఖం విప్పారింది. అంతలోనే కత్తెర ఆగింది.

"నీకెప్పుడు తెలిసిందే?"

"మంగళవారం."

"మంగళ, బుధ, గురు..." వదిన వేళ్ళు మడిచింది. "మూడు రోజులూ నా పక్కనే కూర్చుని తిన్నావు కదే."

అని తలెత్తకుండా దారాలు కత్తిరించసాగింది.