ఇన్‌సెక్యూర్‌కి ఒక ఉదాహరణ

మా నాన్నకు ఒకటే మాట: ఖతరా. బస్సుల సమ్మె ఖతరా, ఖాళీ రోడ్డు ఖతరా, జనమున్న రోడ్డు ఖతరా, ఆడపిల్ల ఉద్యోగం అన్నిటికన్నా పెద్ద ఖతరా. కోరుట్లలో బట్టలు కుట్టేవాడు. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు మాట్లాడినా, భయాన్ని మాత్రం ఎక్కడైనా ఆ ఒక్క మాటతోనే సరిపెట్టుకునేవాడు. నాకేమో ఆ వారం అలాంటి మాటలు నాలుగు కావలసి వచ్చాయి, అవీ ఇంగ్లీషులో.

సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడివాళ్లు నన్ను డెమో క్లాసుకు పిలిచారు. పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి, నచ్చితే ఉద్యోగం. పాఠం వాళ్లే ఎంచారు: డేంజరస్, రిస్కీ, అన్‌సేఫ్, ఇన్‌సెక్యూర్, వీటిలో ఏది ఎక్కడ వాడాలి. తెలంగాణ కోసం రోజూ ఎక్కడో ఒకచోట రోడ్డు ఆగిపోతున్న రోజులవి. ఎవరికి తోచిందో గానీ మహా సమయం చూసి ఎంచారు. జగిత్యాలలో డిగ్రీ, ఆ తర్వాత బీఎడ్ చేసి, నాన్న కుట్టిన చొక్కాలకు గుండీలు కుడుతూ కూర్చున్నాను. ఇంకొన్నాళ్లు అలాగే ఉంటే నాకు పిచ్చెక్కేది, అబద్ధమెందుకు.

నాన్నను ఒప్పించడానికి అమ్మా నేనూ నానా తంటాలు పడ్డాం. చివరికి ఒక షరతు పెట్టాడు. పోయేటప్పుడు గానీ వచ్చేటప్పుడు గానీ ఒక్కసారి తోవలో చిక్కుకున్నామా, ఇక ఉద్యోగం మాట ఎత్తకూడదు. సరే అన్నాను. అనక ఏం చేస్తాను?

మూడు మాటలు సులువుగానే లొంగాయి. పాము డేంజరస్. దాన్ని పట్టుకోబోవడం రిస్కీ. అది దూరిన ఇంట్లో పడుకోవడం అన్‌సేఫ్. ఇన్‌సెక్యూర్ దగ్గర బండి ఆగింది. డిక్షనరీ తీస్తే భద్రత లేని అని ఉంది, అన్‌సేఫ్‌కీ అదే ఉంది. ఒళ్లు మండి పుస్తకం మంచం మీదికి విసిరేశాను. అమ్మను అడిగితే, భయమైతే భయమని చెప్పక నాలుగు పేర్లెందుకని నన్నే కసిరింది.

ఆ రోజు బంద్ లేదు, బస్సుల సమ్మె మాత్రం నడుస్తోంది. నాన్న మోపెడ్ తీశాడు. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి దాటేదాకా ఆయన ప్రతి మలుపులో హారన్ కొడుతూనే ఉన్నాడు, నేను వెనక కూర్చుని నాలుగు మాటలూ గొణుక్కుంటూనే ఉన్నాను. ఎక్కడా ఎవరూ ఆపలేదు. బడికి చేరాక నాన్న వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు. బడి నడిపే పెద్ద మేడం క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుంది.

బడి పక్కనే సాంచాల షెడ్డు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలంటారు. ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు. పాము గురించి అరిచి అరిచి, ఇక లాభం లేదని చెక్క కిటికీలు రెండూ మూసేసి గడియ పెట్టాను. చప్పుడు సగానికి సగం తగ్గింది. హమ్మయ్య అనుకుని బోర్డు వైపు తిరిగాను.

ఎవరూ బోర్డు చూడడం లేదు. పిల్లలందరి ముఖాలూ వాడిపోయి కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. ముందు బెంచీలోని పిల్ల లేచి నిలబడి, సాంచాలు బందైనయా మేడం అని అడిగింది. లేదు, నేనే కిటికీ మూశానని చెప్పాను. నమ్మలేదు. కూర్చోమని గద్దించాను, కూర్చుంది గానీ చెవి అటే ఉంది. నా ఉద్యోగం నా కళ్లముందే పోతోందన్న కోపంతో వెళ్లి కిటికీలు ధడాలున తెరిచాను. చప్పుడు మళ్లీ క్లాసంతా నిండింది. పిల్లలు హాయిగా వెనక్కి వాలారు.

ఏందమ్మా మీ గోల అని ఆ పిల్ల దగ్గరికే వెళ్లి అడిగాను.

"మా నాయిన గా షెడ్లనే పని చేస్తడు మేడం. సప్పుడుంటెనే మాకు నిద్ర వడ్తది. ఆగితె అందరం లేస్తం. నూలు రాలేదా, పనే లేదా, రేపు ఎట్ల అని."

నా కోపమంతా నీరుగారిపోయింది. సాంచె డేంజరసా అని అడిగాను. అవునని అందరూ ఒక్కసారే అరిచారు. దారంతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరొచ్చి కంటికి తగులుతుందట. షెడ్డులో వేలాడే కరెంటు తీగలు అన్‌సేఫ్ అని ఒకడు చెప్పాడు. నడుస్తున్న సాంచెలో చెయ్యి పెట్టి తెగిన పోగు అతకడం రిస్కీ అని ఇంకొకడు. మరి ఆగిపోతే? ఎవరికీ దెబ్బ తగలదు, ఏదీ మీద పడదు కదా? పిల్లలు మళ్లీ కిటికీ వైపు చూశారు. బోర్డు మీద ఇన్‌సెక్యూర్ అని రాశాను. అర్థం చెప్పే పని పడలేదు.

సోమవారం నుంచి రమ్మంది పెద్ద మేడం. నాన్న అప్పటికే వరండాలోంచి తలుపు దగ్గరికొచ్చి అంతా విన్నాడు. మోపెడ్ స్టార్టు చేశాడంతే.

తిరిగొస్తుంటే రుద్రంగి దగ్గర రోడ్డు బంద్. తెలంగాణ కోసం వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా ఇటుకల పొయ్యిలు, పెద్ద గంజు గిన్నెల్లో బగారన్నం, అటూ ఇటూ ఆగిపోయిన బండ్లు. నాన్న షరతు గుర్తొచ్చింది. తెలంగాణ నాకూ కావాలి, కానీ ఆ ఒక్క పూట నాకు తోవ కూడా కావాలి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఏడుపొచ్చింది. వండుతున్నవాళ్లు తినకుండా ఎవరినీ కదలనిచ్చేలా లేరు. నాన్న మోపెడ్ పక్కన పెట్టి విస్తరి ముందు కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను, ఆయన ముఖం చూడకుండా.

వడ్డిస్తున్న ఆమె, ఎటు పోయొస్తున్నరు చాచా అని అడిగింది.

నాన్న అన్నం కలపడం ఆపాడు. షరతు ఆయనకూ గుర్తుందని తెలుస్తూనే ఉంది. ఊరికే పోయొస్తున్నాం అంటాడు, అంతటితో నా ఉద్యోగం సరి అనుకుంటూ ముద్ద చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

"నా బిడ్డకు సిరిసిల్లల టీచర్ నౌకరి అచ్చింది," అన్నాడు. "సోమారం సంది రోజు గీ తోవనే పోవాలె. రోజు గిట్లనే ఆపుతరా ఏందమ్మా?"

"తెలంగాణ అచ్చేదాక ఆపుతం చాచా. అన్నం గూడ పెడ్తం."

నాన్న విస్తరి ముందుకు జరిపాడు.

"అయితె ఇంకింత ఎయ్యి," అని నా వైపు తిరిగాడు. "తిను బిడ్డా. రోజు ఈడ ఆగుడే ఉంటది, అలవాటు చేస్కో."