వాసన చూడకూడని కాయలు

మా పాత అనప విత్తనాన్ని ఆషాఢంలో వేసినా, వానలు ఆలస్యమై శ్రావణం చివర వేసినా, అది పూసేది ఒకే వేళకు. దీపావళి దాటాలి, పొద్దు కురచ కావాలి, తెల్లవారి వేళ్ళు కొంకర్లు పోయే చలి రావాలి. అంతదాకా ఎంత ఎరువు వేసినా ఆకులే. ఇప్పుడు కంపెనీ విత్తనాలు వచ్చాయి. అవి ఏ నెలలో వేసినా పూస్తాయి. పక్క చేను వాళ్ళు ఎండాకాలంలో కూడా కాయలు కోసి హోసూరు మార్కెట్టుకు పంపుతారు. నాకు వాటి మీద కోపం లేదు. కానీ కార్తీకంలో ఒక తెల్లవారుజామున, నిన్నటిదాకా మొండికేసిన తీగల మీద తెల్లటి పూలకంకులు లేచి నిలబడితే నా చేతులు వాటంతట అవే జోడించుకుంటాయి. కళ్ళు లేని మొక్కకు పొద్దు ఎంత తగ్గిందో ఎవరు చెబుతారు? కాలం స్వామి రూపమేనని చిన్నప్పుడు భజన గోష్ఠిలో విన్నాను. అర్థమైంది మాత్రం చేలో నిలబడినప్పుడే.

మా పుట్టిల్లు రాయకోట దగ్గర. మా నాన్న ప్రతి శనివారం నన్ను గోష్ఠికి తీసుకుపోయేవాడు. పాట తరువాత పురాణం, పురాణం తరువాత ప్రశ్నలు. జవాబు చెప్పలేని పిల్లలకు ప్రసాదం ఆఖరున దక్కేది. నా చదువంతా అదే. పెళ్ళయి అత్తిముగం పక్క ఊరికి వచ్చేసరికి ఇక్కడ మా అత్తవారిది కూడా గోష్ఠి కుటుంబమే. రాగి చేలో నడుమ నడుమ వేసే అనప సాళ్ళు ఆ ఇంటి సొత్తు. విత్తనం బయట కొన్నది కాదు, మా మామగారి తాత కాలం నుంచి ఇంట్లోనే ఎర్రమట్టి పట్టించి కుండలో దాచుకుంటూ వచ్చింది.

అనపకాయ గొప్పతనం దాని వాసనలో ఉంది. కాయ తొక్క మీద సన్నటి నూనె ఊరుతుంది. మంచు ఎంత కురిస్తే అంత ఊరుతుంది. ముట్టుకుంటే వేళ్ళకు జిగురుగా అంటుకుని, సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోదు. మా వైపు కన్నడ మాటతో దాన్ని సొగడు అంటారు. దేనితో పోల్చాలో నాకు తెలియదు. తిన్నవాళ్ళకు చెప్పక్కరలేదు, తిననివాళ్ళకు చెప్పలేను.

ఆ కాయలకు మా ఇంట్లో ఒక నియమం ఉంది. ధనుర్మాసం మొదటి రోజు స్వామికి నివేదించేదాకా ఎవరూ వాసన చూడకూడదు. పూజ పువ్వును వాసన చూడనట్టే. మంచులో చేను దగ్గరికి పోతే గాలే వాసన మోసుకొస్తుంది కాబట్టి, ఆ రోజుల్లో ఆడవాళ్ళం కొంగు, మగవాళ్ళు తువ్వాలు ముక్కుకు కట్టుకుని చేలో దిగేవాళ్ళం. పక్క చేనాయన గట్టు మీద నిలబడి నవ్వేవాడు.

"ఏమప్పా, మీ ఇంట్లో కరోనా ఇంగా పోలేదా?"

మా ఆయన ఊరుకునే మనిషి కాదు. "మాకు ఎప్పుడో పోయింది. నువ్వు కొట్టిన మందు కంపే ఇంగా పోలేదప్పా."

స్వామికి పోయే మొక్కలను ఎంచేది మా అత్త. ముక్కుతో చూడకూడదు గనుక చేత్తో చూసేది. ఒక్కో మొక్క కాయలను రెండు వేళ్ళతో నిమిరి, జిగురు బాగా అంటిన మొక్కను వేరుతో సహా పీకేది. ఆ తీగలన్నీ ఊరి భజన మందిరంలో స్వామి మంటపానికి తోరణంగా కట్టి, మరుసటి ఉదయం వాటి కాయలే ఒలిచి పొంగలిలో వేస్తారు. ఆ తరువాతే మేము చేలో మిగిలిన కాయలు తినడం, అమ్మడం. సంక్రాంతి దాటి ఎండిన వాటిలోంచి విత్తనం తీసుకోవడం.

నాకు అప్పట్లో ఇందులో లోపమేదీ కనిపించలేదు. మంచిది స్వామికి, మిగిలింది మనకు. అంతకన్నా ధర్మం ఏముంది?

రెండేళ్ళ కిందటి చలికాలంలో హోసూరు మార్కెట్టులో కాయలు పోసుకుని కూర్చున్నాను. ఒక పెద్దావిడ గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ కుప్పలో పడేసింది.

"ఇదేందమ్మా, సొగడే లేదే?"

"పాత విత్తనమేనమ్మా. మా మామ వాళ్ళ తాత కాలంది."

"కాలం పాతదేలేమ్మా, కాయ మాత్రం పచ్చిగడ్డి మాదిరుంది. దీన్ని తీసకపోయి పితికిపప్పు చేస్తే మా ఇంటాయన గిన్నె నా మొగాన కొడతాడు."

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. బస్సులో వస్తూ చేతులు వాసన చూసుకున్నాను. పొద్దున్నుంచి కాయల్లోనే ఉన్న చేతులు. ఏమీ లేదు.

మరుసటి ఏడు ధనుర్మాసానికి రెండు రోజుల ముందు అత్త చేలో తిరుగుతోంది. నేను తీగలు పట్టుకోవడానికి వెంట ఉన్నాను. సాలు మీద సాలు నిమురుతూ పోతోంది, దేన్నీ పీకడం లేదు.

"జిగురు తగలడంలేదు కదమ్మే. నా చేతులు మొద్దుబారినాయేమో, నువ్వు చూడు."

నేను నిమిరి చూశాను. తొక్క నున్నగా, పొడిగా ఉంది. అత్త చేతుల తప్పు కాదు. అప్పుడు నాకు ఒక్కసారిగా తోచింది. జిగురున్న మొక్కను ఎంచి ఎంచి వేరుతో పీకాము. దాని గింజ ఒక్కటి కూడా విత్తనానికి మిగలలేదు. జిగురు లేని మొక్కల గింజలే కుండలోకి పోయాయి. ఏటేటా, ఎన్ని తరాలుగానో, సొగడునంతా భక్తిగా ఏరి చేలోంచి తీసేశాము.

అత్తకు చెబితే ఆమె మొహం ఎర్రబడింది. "స్వామికి పెట్టింది పోతుందామ్మే? పెట్టనిది పోతుంది గానీ. మీ నాయన గోష్ఠిలో నేర్పింది ఇదేనా?"

ఆమె మాట శాస్త్రం. నా చేతికి తెలిసింది కూడా నిజం. ఆ రోజు ఆమె ఒక్క మొక్క కూడా పీకలేదు. సాయంత్రం ఇద్దరం మందిరానికి పోయాము, పురాణం చెప్పే పెద్దాయన దగ్గరికి. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఏది అడిగినా ముందు కళ్ళద్దాలు తుడుచుకుంటాడు.

"స్వామీ, వాసన ఉండే మొక్క ఒక్కటన్నా మిగిలుంటే దాన్ని విత్తనానికి పెట్టల్ల. దాన్ని కనుక్కోవాలంటే వాసన చూడల్ల. చూడొచ్చునా?"

మద్దెల వాయించే ఆయన మధ్యలో అందుకున్నాడు. "అడవిలో అవ్వ కొరికి పెట్టిన ఎంగిలి పండ్లే తిన్నాడు గదా స్వామి. వాసనదేముంది?"

"ఆ అవ్వ భక్తి నీకుందా నాకుందా? ఊరికే ఆమెను సాక్షికి పిలవద్దు," అన్నాడు పెద్దాయన. తరువాత నా వైపు తిరిగి, "చెట్టు మీద పువ్వును నీకంటే ముందు తుమ్మెద వాసన చూసింది గదమ్మా. అది మడి కట్టుకోని వచ్చిందా? పళ్ళెంలోకి వచ్చినాక నైవేద్యం. చెట్టు మీద ఉన్నంతవరకు అది స్వామి వ్యవసాయం. చూడు," అన్నాడు.

"చూసి దాన్ని పీకకుండా పెట్టుకుంటే, స్వామికి ఏం పెడతాదట?" అంది అత్త, నా వైపు చూడకుండా.

ఆయన అద్దాలు మళ్ళీ తుడిచాడు. "ఉన్నదే పెట్టండి," అన్నాడు చివరికి.

మరుసటి తెల్లవారి కొంగు కట్టుకోకుండా చేలో దిగాను. మంచుకు గట్టు కూడా కనిపించడం లేదు. ఒక్కో మొక్క దగ్గర వంగి, కాయలు నిమిరి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకోవడం, ఒక మొక్క వాసన ఇంకోదానికి అంటకుండా మట్టితో వేళ్ళు రుద్దుకోవడం, ముందుకు జరగడం. పసరు వాసన. పసరు వాసన. ఎండ ఎక్కితే సొగడు తెలియదు కాబట్టి తొందరపడ్డాను. నడుము పట్టేసింది. మంత్రం చదువుతూ మొదలుపెట్టినదాన్ని, సగం చేనుకు వచ్చేసరికి మంత్రం మరచి ఉత్తనే "స్వామీ స్వామీ" అంటున్నాను.

పడమటి గట్టు కింద, రాగి సరిగా మొలవని రాళ్ళ చోట ఒక మొక్క. బక్కది. కాయలు తక్కువ. ఎవరూ పట్టించుకోని మొక్క. దాన్ని ముట్టుకోక ముందే నాకు తెలిసిపోయింది.

పొగమంచులో ఎంతసేపు అట్లా కూర్చున్నానో! ఇన్ని చేతులు నిమిరి, ఇన్ని చేతులు పీకి, మా భక్తే ఊడ్చేసిన తరువాత కూడా అది అక్కడ ఉంది. ఏ ఏటి కాయలోనో, జిగురు లేని తొక్క కింద దాక్కుని వచ్చిన గింజ. సృష్టి అంతా ప్రళయంలో బీజరూపంగా అణగి ఉంటుందని పురాణంలో విన్నప్పుడు తల ఊపేదాన్ని. ఆ ఉదయం తల ఊపలేదు. భయమేసింది.

పాత పలచటి చీర చించి, ఆ మొక్క మీద ఇంకా విప్పని పూలకంకులకు సంచుల్లా కట్టాను, పక్క చేను పువ్వుల పుప్పొడి మోసుకుని తుమ్మెదలు రాకుండా. ఆ మొక్కను పీకలేదు. ఆ ధనుర్మాసం స్వామికి తోరణం కట్టింది పొడి కాయలతోనే. పొంగలి తిన్నవాళ్ళెవరూ ఏమీ అనలేదు. అత్త మాత్రం ప్రసాదం కళ్ళకద్దుకుని ఒక మెతుకు నోట్లో వేసుకుని మిగతాది నాకు ఇచ్చేసింది. ఆ ఏడాదంతా గోష్ఠిలో పాట మధ్యలో నా ధ్యాస ఆ గింజల మీదికే పోయేది. ఆ మొక్క గింజలు మొలిచి, వాటిలో వాసన లేకపోతే, స్వామికి పెట్టవలసింది దాచుకుని, దాచుకున్నదీ పోగొట్టుకున్నదాన్నవుతాను.

వాన రాగానే ఆ గింజలను విడిగా, ఇంటి వెనక మడిలో నాటాను. పెరిగాయి. ఆకులే ఆకులు. దీపావళి దాటింది. పూశాయి. మంచు మొదలైంది.

మొన్న ధనుర్మాసానికి ముందురోజు నేను లేచేసరికే అత్త ఆ మడిలో ఉంది. కొంగు ముక్కుకే కట్టుకుని, మొక్కలను నిమురుకుంటూ పోతోంది. నేను పెరటి వాకిట్లోనే ఆగిపోయాను. ఆగిన చోటికే వాసన వచ్చింది.

అన్నింటికీ లేదు. ఒకే తల్లి గింజలు, ఒకే మట్టి, ఒకే నీళ్ళు, అయినా కొన్ని ఉత్త ఆకు వాసన. కొన్నింటి దగ్గర వేళ్ళు జిగురుతో ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. ఎందుకో నాకు తెలియదు. వచ్చే ఏడు జిగురువాటి గింజలు వేస్తే మళ్ళీ కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. అలా ఏళ్ళు పడుతుందేమో.

మా ఆయన నిద్రమొహంతో వచ్చి, "ఏమ్మే, యాడ్నుంచి ఈ వాసన? పొయ్యి మీద ఏం పెట్టినావు?" అన్నాడు.

"పొయ్యే అంటించలేదు," అన్నాను.

అత్త మడి చివరిదాకా పోయి తిరిగి వచ్చింది. అన్నింటిలోకి బాగా జిగురున్న మొక్క దగ్గర ఆగింది. దాన్ని వదిలేసి, దాని పక్క మొక్కను, జిగురు కాస్త తక్కువదాన్ని, రెండు చేతులతో పట్టుకుని వేరుతో సహా పీకింది. మట్టి దులిపింది.

"అది పీకవా అత్తా?"

"స్వామి ఒక్కడే గదమ్మే, ఎన్ని తింటాడు? అది పండనీ." తీగను భుజం మీద వేసుకుని నడిచింది. "తొందరగా స్నానం చేసి రా. తోరణానికి ఇదొక్కటీ చాలదు, చేలోవి కూడా కలపల్ల."

మందిరం దారిలో కంపెనీ బస్సు కోసం నిలబడిన అమ్మాయిలు ఆ వాసనకు ఫోన్లలోంచి తలలెత్తి, ఆమె దాటిపోయినా అటే చూస్తూ నిలబడ్డారు.