పెదనాయన వేసిన రెండో కుర్చీ

"మీ పెదనాయన పోయినాడు" అని పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు నాయన. మా అన్న పోయినాడు అనలేదు. ఆ మాట వస్తుందేమోనని ఫోను చెవికి అదుముకుని ఎదురుచూశాను. అవతల నాయన ఏదో చెప్పబోయినట్టు ఊపిరి తీసుకుని, తొందరగా రమ్మని పెట్టేశాడు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క వీధి. ఆ వీధి దాటి అన్న ఇంటికి పోవడం ఆయన మానేసి ఏళ్ళయింది.

గార్లదిన్నె పక్క మా ఊళ్ళో పెదనాయన అంటే బోరు పాయింటు పెట్టే మనిషి. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చెప్పుల్లేకుండా చేనంతా నడిచేవాడు. టెంకాయ ఎక్కడ లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టని ఒక రాయి పెట్టి పక్కకు తప్పుకునేవాడు. బోరు బండి వచ్చి ఆ రాయి దగ్గరే దిగేది. మా వైపు పడే బోర్లకన్నా ఎండేవే ఎక్కువ కాబట్టి, ఆయనకు దండం పెట్టినవాళ్ళకన్నా శాపనార్థాలు పెట్టినవాళ్ళే ఎక్కువ. రెంటికీ ఆయన ఒకే రకంగా తల ఊపేవాడు.

మా చేన్లో కూడా ఆయనే రాయి పెట్టాడు. బోరు వేస్తే దుమ్ము తప్ప ఏమీ రాలేదు. తెల్లటి బండ దుమ్ము నెత్తిమీద పడుతుంటే నాయన నలుగురిలోనూ అన్నాడు, "నీ చేతిలో టెంకాయ నిలబడింది గానీ నా చేన్లో చుక్క పడలేదు. ఇంగ నా గడప తొక్కొద్దు" అని. తొక్కొద్దన్నది తన గడపనే అయినా, అన్న గడప తొక్కడం తనూ మానేశాడు. అంతకుముందు ఇద్దరిదీ ఒకే భజన గుంపు. పెదనాయన పాట, నాయన మద్దెల. ఆ దుమ్ముతోపాటు అది కూడా పోయింది.

నేను అనంతపురంలో ఒక చిన్న రికార్డింగ్ గది నడుపుతాను. భజనపాటలు, పెళ్ళిపాటలు, ఎవరు వస్తే వాళ్ళవి. గది తెరిచిన కొత్తలో మొదట పాడిందీ వాయించిందీ ఈ అన్నదమ్ములే. తగువు పడ్డాక ఒకరోజు పెదనాయన వచ్చి, ఆ పాట ఉందా, ఒకసారి పెట్టు అన్నాడు. పెట్టాను. బల్లమీద ఉన్న రెండు స్టూడియో మానిటర్ల, అంటే ఉన్నదున్నట్టు వినిపించే స్పీకర్ల, మధ్య కూర్చుని విన్నాడు. పైస్థాయికి పోయినచోట తన గొంతు చీలడం విని మూతి ముడిచాడు. పాట అయిపోయాక, "ఇవి ముఖస్తుతి చెయ్యవే. నాకు ఇంట్లోకి ఇట్లాంటివే కావల్ల" అన్నాడు.

వద్దని చెప్పాను. ఇంట్లో పాటలు వినడానికి చేసిన స్పీకర్లు వేరు, అవి ఇంత తీపి, ఇంత బరువు కలిపి వినిపిస్తాయి, మానిటర్లు తప్పులు పట్టుకునే మావంటివాళ్ళ కోసం, వీటి ముందు హాయిగా కూర్చోలేవు అని నచ్చజెప్పాను. హాయి ఎవరిక్కావాలి అన్నాడు. ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు, పెద్దమ్మ తప్ప.

టౌన్లో అంగడికి తీసుకుపోయాను. అమ్మేవాడు మనిషెత్తు పెట్టె చూపించి, లైట్లు వెలిగించి, అద్దాలు అదిరేటట్టు ఏదో మోత పెట్టాడు. పెదనాయన మర్యాదగా చివరిదాకా విని, "ఇది ఊరికి చెప్పేకి సరిపోతాది. నా ఒక్కనికి చెప్పేకి ఇంత నోరెందుకప్పా" అన్నాడు. ఇంట్లో గదులు చిన్నవి కాబట్టి ఐదంగుళాల మానిటర్లు చాలన్నాను. కొనుక్కొచ్చి మొదట నడవలో పెట్టి చూశాం. బండల నేల, సున్నం గోడలు, ప్రతి మాటా కంచుగిన్నెలో పడ్డట్టు గణగణలాడింది. స్పీకరు ఎంత మంచిదైనా గది చెడగొడుతుంది, ఈ సంగతి కొనేముందు ఎవరూ నమ్మరు. చివరికి శనక్కాయ బస్తాలు పెట్టే గదిలోకి మార్చాం. బస్తాలు ఆ గణగణను మింగేశాయి. పాట నేలకు దిగింది.

అంతా బాగుందనుకుని నేను బయలుదేరబోతుంటే పెదనాయన అడిగాడు.

"మీ నాయన ఎడమ చెయ్యి యాడికి పోయింది పాపా?"

నిజమే. మద్దెల కుడిపక్క టకటకా వినిపిస్తోంది. ఎడమచేతి దెబ్బ, ఆ లోతు నాదం, చిన్న మానిటర్లకు అందదు. దానికి లోతు నాదాన్ని మాత్రమే వినిపించే వేరే పెట్టె, సబ్‌వూఫర్ కావాలి. ఆ మాట చెప్పగానే తెమ్మన్నాడు. తమ్ముడి ఎడమ చెయ్యి కోసం ఆయన పడ్డ ఆరాటం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, నాయన మీద మంటా పుట్టింది.

సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టాలో తేల్చడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. దాన్ని మనం కూర్చునే చోట పెట్టి పాట వేస్తాం. గోడల వెంబడి మనం వంగి తిరుగుతూ, లోతు నాదం ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడికి దాన్ని మారుస్తాం. ఇది చెప్పగానే పెదనాయన చెప్పులు విడిచాడు. వంగనైనా వంగలేదు. అరచెయ్యి చాపుకుని, అందులో టెంకాయ ఉన్నట్టే, గోడవారగా నడిచాడు. వెనక మూలకు పోయి నిలబడిపోయాడు. "ఈడ బలే ఉండాది" అన్నాడు. ముఖం వెలిగిపోయింది.

మూలలో ఎప్పుడూ ఎక్కువే మోగుతుంది. ఎవరు చెప్పినా వినక అక్కడే పెట్టించాడు. పాట వేస్తే దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు లేకుండా అంతా ఒకటే హోరు. వంటింట్లో గిన్నెలు కదిలి పెద్దమ్మ కేకలు పెట్టింది. పెదనాయనా, ఎక్కువ వినబడే చోటు కాదు, తేటగా వినబడే చోటు కావాలి అన్నాను. పాయింట్లు పెట్టే మనిషికి ఎక్కడ ఎక్కువగా లేస్తే అదే చోటు. ఆ అలవాటు అంత సులువుగా పోదు.

ఆయన బస్తా మీద కూలబడ్డాడు.

"మీ చేన్లో టెంకాయ నిలబడలేదు పాపా. ఊగింది, అంతే. మీ నాయన నా మొగం పక్కే చూస్తాండాడు. ఉండాదిరా అనేసినా."

ఈ మాట నాయనకు చెప్పావా అని అడిగాను. వస్తే కదా చెప్పేది అన్నాడు.

సబ్‌వూఫర్‌ను పక్కగోడ మధ్యకు జరిపాం. ఎడమ చెయ్యి దొరికింది, ఒక్కో దెబ్బా విడివిడిగా. ఇక కుర్చీ. రెండు మానిటర్లకూ సమదూరంలో, సరిగ్గా మధ్యలో ఒక్క చోటే ఉంటుంది, అక్కడ కూర్చున్నవాడికే పాట పూర్తిగా దక్కుతుంది. నేను గుర్తుపెట్టిన చోట పెదనాయన కుర్చీ వేసుకోలేదు. దానికి ఎడంపక్క ఒకటి, కుడిపక్క ఒకటి చేతుల కుర్చీలు వేశాడు. ఇట్లయితే ఇద్దరిలో ఎవరికీ సరిగ్గా వినబడదని మొత్తుకున్నాను. ఇద్దరికీ ఒకే మాదిరి వినబడితే చాలన్నాడు. ఆ తరవాత ఎప్పుడు పోయినా ఆయన ఎడమ కుర్చీలోనే ఉండేవాడు. కుడి కుర్చీ మీద కనీసం తువ్వాలు కూడా ఆరేయనిచ్చేవాడు కాదు.

పోయి ఆ పాట విని రమ్మని నాయనకు చెప్పాను, ఒకసారి కాదు. పాటలు వినే తీరిక తనకు లేదన్నాడు. ఉన్నది కూచుని వక్క నమిలే పనే. అన్నకేమో తనంతట పిలవడానికి నోరు రాదు, తమ్ముడికేమో పిలవందే కాలు కదలదు. ఇద్దరినీ పట్టుకుని ఒకరి తలకు ఒకరి తల కొట్టాలనిపించేది. పెదనాయన లేడు కాబట్టి ఇప్పుడు ఇది మెత్తగా రాస్తున్నాను. అప్పుడు నాకున్నది కోపమే, ఇప్పుడూ ఉంది.

నాయన ఫోన్ చేసిన ఆ పొద్దున పెదనాయన కాఫీ తాగి, పాట పెట్టుకుని ఆ గదిలో కూర్చున్నాడు. పాట అయిపోయినా లేవలేదు. పెద్దమ్మ వెళ్ళి చూసింది.

నాయన వచ్చాడు, పాడె మోశాడు, మట్టి వేశాడు. ఇంట్లోకి మాత్రం రాలేదు. పెద్దదినం నాడు అందరూ భోజనాల దగ్గర ఉండగా ఆ గది గడపలో నిలబడి కనిపించాడు. ఆ రెండో కుర్చీ ఎవరిదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి పెద్దమ్మ చెప్పింది.

"నీదే అప్పా. మీ అన్న దాంట్లో ఎవర్నీ కూచోనీలేదు."

నాయన లోపలికి వచ్చి కుడి కుర్చీలో కూర్చున్నాడు. నేను పాట వేశాను. పెదనాయన గొంతు, చీలేచోట చీలుతూ. కాసేపటికి నాయన తల తిప్పి, కుడిపక్కే ఎక్కువ వినబడుతోంది, అన్న కుర్చీలో బాగా వినబడుతుందా అని అడిగాడు. లేదు నాయనా, ఆడ ఎడంపక్క ఎక్కువ, సరిగ్గా వినబడేది మధ్యలో, ఆ ఖాళీలో అని చెప్పాను. ఆయన ఆ ఖాళీ వైపు చూశాడు. ఇంక దాచుకోలేక టెంకాయ సంగతి కూడా చెప్పేశాను.

నాయన నావైపు తిరగలేదు.

"ఊగింది నేను గూడా చూసినా. చూసి గూడా బోరు బండిని పిలిచినా."

పాట చరణంలోకి పోయింది. ఎన్నో ఏళ్ళ కిందటి నాయన ఎడమ చెయ్యి పక్కగోడ దగ్గర మోగుతోంది, కాళ్ళకింద బండలకు తెలిసేటట్టు. ఇప్పటి నాయన ఎడమ చెయ్యి పక్కకు జరిగి, అన్న ఖాళీ కుర్చీ చేతిమీద ఆనింది. తాళం వెయ్యలేదు. పాట అయిపోయి గది నిశ్శబ్దమైనా అక్కడినుంచి తియ్యలేదు.