వజీర్ లారీ మీది గుర్తులు

కారేపల్లిలో లారీలకు పేర్లు, నంబర్లు రాసే వజీర్‌ను దేశం మీద ప్రేమ లేనివాడన్నారు. అన్నది ఖమ్మంలో ప్రైవేటు స్కూలు నడిపే ఉదయ్ భాస్కర్. పదిమంది టీచర్ల ముందు అన్నాడు. వజీర్ చేసిన నేరమల్లా ఒక చెక్క లారీ మీద మూడు రంగుల జెండా వెయ్యననడం.

ఆ లారీ మూరెడు పొడవుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దుకు సామాన్లు మోసిన లారీకి వజీర్ చేసిన నమూనా. వజీర్ తాత అలాంటిదే నడిపాడు. 1944లో ఆయన ఫోటో ఇంటికొచ్చింది, ఆయన రాలేదు. ఫోటోలో ముఖం మసక. పక్కనున్న లారీ గుర్తులే తేటగా కనిపిస్తాయి: తెల్ల అక్షరాల నంబరు, సైనిక దళం గుర్తు, ముందు ఒక పక్కన గుండ్రంలో అంకె. సమాధి ఎక్కడుందో తెలియని మనిషికి అవే ఆనవాళ్లని వజీర్ నమ్మకం. వాటిలో ఒక్కటీ తప్పు పోకూడదనుకున్నాడు.

స్కూల్లో యుద్ధాల గది పెడుతున్నామంటే ఆ లారీని ఊరికే ఇచ్చాడు. అద్దాల పెట్టెలో పెట్టే రోజు ఉదయ్ భాస్కర్ అడిగాడు.

“తలుపు మీద జెండా వెయ్యి వజీర్. పిల్లలకు జోష్ రావాలె.”

“సార్, ఈ జెండా నలభై ఏడుల వచ్చింది. బండి నలభై నాలుగుది. మా తాత ఈ జెండాను చూడనే లేదు. ఎట్ల వేస్త?”

“నీకు చెయ్యి వస్తలేదా, మనసు వస్తలేదా?”

ఆ తర్వాతే ఆ మాట అన్నాడు. మర్నాడు స్టిక్కర్ల షాపు సంతోష్‌తో జెండా అంటించాడు. ఆ మాట కారేపల్లికి చేరింది. రెండు నెలలు లారీలు వజీర్ షాపు ముందు ఆగకుండా పోయాయి.

వజీర్ షాపు పక్కింట్లో పెరిగినవాణ్ని నేను. ఆయనదే నిజమని రుజువు చెయ్యాలని యుద్ధం నాటి బండ్ల గురించి దొరికిందల్లా చదివాను. జెండా విషయంలో ఆయనదే నిజం. ఇంకోటి కూడా దొరికింది. ఆ గుండ్రం వంతెన గుర్తు. బండి ఏ పాటి వంతెన మీదికి పోవచ్చో అందులోని అంకె చెబుతుంది. గుండ్రం పసుపు, అంకె నలుపు. వజీర్ గుండ్రానికి ఎరుపు వేశాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన చనిపోయినవాళ్ల నలుపు తెలుపు ఫోటోలకు రంగులు దిద్దేవాడు. అడవి ఊళ్ల నుంచి కూడా తెచ్చేవాళ్లు. ఆడవాళ్ల నుదుట నల్లగా కనిపించే గుండ్రం కుంకుమ, దానికి ఎరుపు వెయ్యాలి. ఉస్తాద్ నేర్పిన మొదటి పని అదే. ఆ అలవాటుతోనే తాత లారీకీ ఎరుపు వేశాడు. అప్పటి కొన్ని ఫిల్ముల్లో పసుపు కూడా ఎరుపులాగే ముదురుగా పడుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేను చెప్పాను. ఫోన్‌లో బొమ్మ చాలాసేపు చూసి భార్యను పిలిచాడు.

“ఫజిలత్, చూసినవా? తాత బండికి బొట్టు పెట్టిన.”

ఆమె నవ్వింది. “పెడితే పెట్టినవ్. ఎవరికి తెల్సు? ఊకో.”

“నాకు తెల్సింది గద.”

పసుపు రంగు డబ్బీ పట్టుకుని ఖమ్మం బయలుదేరాడు. నేనూ వెంట వెళ్లాను. యుద్ధాల గదిలో కూర్చున్న ఉదయ్ భాస్కర్ సంగతి విని కుర్చీలో వెనక్కి వాలాడు.

“అబ్బో! మాకు చరిత్ర నేర్పినవ్. ఇప్పుడు నీదే తప్పా?”

“అవ్ సార్, నాదే. పెట్టె తాళం తీస్తే దిద్ది పోత.”

“తీస్త. ముందు ఆ స్టిక్కర్ పీకి జెండా నీ చేత్తో వెయ్యి. తర్వాత నీ పసుపు వేసుకో.”

తాత లారీ చేతికందే దూరంలోనే ఉంది.

“జెండా అంటే నాకు ఇజ్జత్ ఉన్నది సార్. పంద్రాగస్టుకు మా ఇంటి మీద నేనే కడత. ఈ బండి మీద అది లేకుండె.”

“అయితే పో.”

బయట ఒక టీచర్ దగ్గర తెల్ల కాగితం అడిగి తీసుకున్నాడు. లారీల మీద రాసే గుండ్రటి అక్షరాలతో రాశాడు: ‘ఈ బండి ముందున్న గుండ్రం ఎరుపు కాదు, పసుపు. తప్పు నాది. వజీర్, పెయింటర్, కారేపల్లి.’

“జెండా సంగతి కూడా రాయి చాచా,” అన్నాను.

“అది నేను వేసింది కాదు.”

కాగితాన్ని అద్దానికి అంటించి వచ్చాడు. బస్సులో ఆయనతో గొడవపడ్డాను.

“వాళ్ల చేతికి కత్తి ఇచ్చినవ్. ఇగ జెండా కాడ కూడా నీదే తప్పంటరు.”

“అంటరు,” అన్నాడు.

అన్నారు కూడా.

ఖమ్మంలో పనికి చేరే ముందు రోజు షాపుకు వెళ్లాను. ఆయన్ను చూడడం అదే చివరిసారి. ట్రాక్టర్ ప్లేటు మీద నంబరు రాస్తున్నాడు. తల ఎత్తలేదు.

“ఖమ్మంల ఉంటవ్ గద పవన్. స్కూలు దిక్కు పోయినప్పుడు నా కాయితం ఉన్నదో, చింపిండ్రో చూసి చెప్పు బేటా. చింపితే ఇంకోటి రాసిస్త.”