కనుమ ఎక్కిన ప్రూఫ్‌రీడరమ్మ

ముప్పయ్యేళ్లుగా ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దీ దిద్దీ ప్రూఫ్‌రీడరమ్మ వీపు కాస్త ముందుకు వంగింది. సైకిలెక్కితే ఆ వంపు అతికినట్టు సరిపోయింది. పొద్దున్నే టైర్లను బొటనవేలితో నొక్కి చూసుకుంటుంది, కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడుచుకుంటుంది, కనబడిన బోర్డునల్లా చదవబోయి, భాష రాక తనలో తనే నవ్వుకుంటుంది. పరాయి దేశంలో ఒంటరిగా తొక్కడం ఆమెకిదే మొదలు. "యాభై దాటాక ఇదేం పిచ్చక్కా?" అని చెల్లెలు ఫోన్లో రోజూ సాధిస్తూనే ఉంది. ఐదో రోజున కనుమ దారి సగం ఎక్కేసరికి మోకాళ్లు మొరాయించాయి. ఇక చాలు, ఇంటికి పోదామని సైకిలు వెనక్కి తిప్పేసింది.

రోడ్డు పక్కన రాతిగోడ కడుతున్న ముసలావిడ అది చూసింది. చేతులు దులుపుకుని వచ్చి, సైకిలును మళ్లీ పైకే తిప్పింది.

"వద్దమ్మా, నా వల్ల కాదు," అంది ప్రూఫ్‌రీడరమ్మ తెలుగులోనే.

ముసలావిడ తన భాషలో ఏదో గదమాయించి, క్యారియర్ పట్టుకుని వెనక నుంచి తోయసాగింది. ఇద్దరూ రొప్పుతూ, ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకుంటూ పైకి చేరారు. అవతల నేల ఒక్కసారిగా లోతుకు జారిపోయింది. ఎక్కడో అడుగున నీలం సరస్సు, దాని మీద పాకుతున్న మబ్బుల నీడలు, ఆపైన కంటికి ఆనినంత మేరా మంచుకొండలు.

"అమ్మో!" అంది ప్రూఫ్‌రీడరమ్మ.

"అమ్మో!" అంది ముసలావిడ కూడా, ఆ మాట నచ్చినట్టు తలూపి, గోడ పనికి తిరిగి వెళ్లిపోయింది.

ప్రూఫ్‌రీడరమ్మ మాత్రం చాలాసేపు కదల్లేదు. అంత పెద్ద లోకంలోకి తానొక్కతే దిగబోతోందని ఒళ్లు జలదరించింది. అప్పుడు పెడలు మీద కాలు పెట్టింది.